పారీస్ వీధుల్లో రెండు గంటల నడక: భవనాల చరిత్ర సరే, మన మనుషుల చరిత్ర ఏది?

 

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పారీస్ ప్రాంతంలో చరిత్ర నడక ఒకటి జరిగితే డబ్బు కట్టి నేనూ వెళ్లాను. పదిహేను మందిమి వచ్చాం. నడిపించిన అమ్మాయికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కొంత ఇంగ్లీషులో, కొంత తమిళంలో ఎంతో చక్కగా చెప్పింది. రైల్వేలో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ ఆ వీధుల్లో ఎన్ని వేలసార్లు తిరిగానో లెక్క లేదు. అయినా తల ఎత్తి ఆ కట్టడాలను చూసింది తక్కువే. ఆ నడకలో విన్నవీ, నేను చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. భాషలో తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు 'బీచ్' అనే మాట సంగతి. మన బీచ్ స్టేషన్‌లో దిగితే సముద్రం కనపడదు, హార్బర్ గోడ కనపడుతుంది. రాజాజీ సాలైకి పాత పేరు ఫస్ట్ లైన్ బీచ్. ఒకప్పుడు సముద్రం నిజంగానే ఆ రోడ్డు పక్కదాకా ఉండేది. ఓడలు దూరంగా లంగరు వేసి ఆగేవి. తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకునీ మనుషులనీ అలల మీదుగా ఒడ్డుకు తెచ్చేవారు. సరుకు దిగేచోటే గోదాములు, వాటి పక్కనే కంపెనీ ఆఫీసులు, ఆ ఆఫీసుల లెక్కలు చూడటానికి బ్యాంకులు, తగాదాలు తీర్చటానికి కోర్టు వచ్చాయి. 1870లలో హార్బర్ పని మొదలైతే 1881 తుపాను దాన్ని కొట్టుకుపోయింది. మళ్లీ కట్టారు. హార్బర్ గోడల వల్ల ఇసుక మేట వేసి సముద్రం వెనక్కి పోయింది. బీచ్ పోయినా పేరు మిగిలింది. మన స్టేషన్ బోర్డు మీద ఇప్పటికీ ఉంది.

ఇక ఊరు పుట్టిన కథ. 1639లో ఫ్రాన్సిస్ డేకి ఇక్కడ కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అయిందని మనందరం విన్నదే. కానీ అనుమతి పత్రం ఒక్కటే ఊరిని చెయ్యదు. ఊరికి వ్యాపారం కావాలి. ఇంగ్లీషువాడికి కావలసింది బట్ట. దాన్ని నేసేవాడు ఎక్కడో పల్లెలో ఉంటాడు. వాడి భాష వీడికి రాదు, వీడి మాట మీద వాడికి నమ్మకం లేదు. మధ్యలో నిలబడినవాళ్లు ఇక్కడి వర్తకులు. కంపెనీ దగ్గర బయానా తీసుకుని, దాన్ని నేతగాళ్లకు పంచి, తయారైన బట్టను ఎంచి, చలువ చేయించి, ఓడ వచ్చే వేళకు అందించడం వాళ్ల పని. బేరి తిమ్మన్న, కాసి వీరన్న అనే ఇద్దరి పేర్లు ఆ కాలపు కంపెనీ రికార్డుల్లో పదేపదే వస్తాయి. ఇంగ్లీషువాళ్లు వీరన్నను 'కాసా వెరోనా' అని రాసుకున్నారు. చదివితే ఇటలీ మనిషేమో అనిపిస్తుంది! ఈ వీరన్న పేరుతో వర్తకులు మూలధనం కలిపి ఒక కూటమిగా కంపెనీతో వ్యాపారం చేశారు. వీరన్న 1680లో పోయాడు. అంటే ఈ వీధుల్లో మొదటి బ్యాంకు రాకముందే వాటాల వ్యాపారం ఉంది.

ఆ మొదటి ఊరు ఇప్పుడు లేదు. కోటకు ఉత్తరంగా, ఈనాడు హైకోర్టు ఉన్న వైపు ఉండేది. తెల్లవాళ్లు దాన్ని బ్లాక్ టౌన్ అనేవారు. 1746లో ఫ్రెంచివాళ్లు పట్నాన్ని పట్టుకున్నారు, 1749లో మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. శత్రువు మన ఇళ్ల చాటున దాక్కుని కోట మీదికి రాకూడదని ఆ ఊరిని పడగొట్టి మైదానం చేశారు. చెన్నకేశవస్వామి గుడి కూడా పోయింది. 1640లలో ఆ గుడికి మాన్యం ఇచ్చినవారిలో మన తిమ్మన్న ఒకరు. తరువాత ఆ స్వామికి దేవరాజ ముదలి వీధిలో కొత్త గుడి కట్టారు, ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. ఈ గీత దాటి ఎవరూ ఇల్లు కట్టకూడదని 1773లో ఆరు హద్దు స్తంభాలు నాటారు. అందులో ఒకటి ఈనాటికీ పారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర ఉంది. చుట్టూ బస్సుల హారన్లు, పండ్ల బండ్లు. ఎవరూ చూడరు. నా దృష్టిలో ఆ నడక మొత్తంలో చూడదగ్గ రాయి అదే. ఒక ఊరిని లేకుండా చేసిన ఉత్తరువుకి అది సాక్షి.

ఆ గీతకు ఉత్తరాన పెరిగిన కొత్త బ్లాక్ టౌనే మన జార్జ్ టౌన్. 1911లో రాజు పేరు పెట్టారు. తూర్పు భాగం ముత్యాలపేట, పడమర భాగం పెద్దనాయకన్‌పేట. ఊరి కావలి కాసే అధికారిని 'పెద్దనాయకుడు' అనేవారు, ఆ హోదా మీదే పేటకు పేరు. తమిళంలో 'పెద్ద' లేదు, 'పెరియ' అంటారు. అలాగే ఎర్రబాలు చెట్టి వీధి. నా తమిళ స్నేహితులకు 'ఎర్ర' అంటే ఏమిటో తెలియదు. మన పిల్లలకు చెబితే ఒక్క క్షణంలో అర్థమవుతుంది. వీధి బోర్డులే మన మొదటి పుస్తకం అని ఇందుకే అంటున్నాను.

పారీ సంగతి. థామస్ పారీ వేల్స్ నుంచి 1788లో వచ్చి వ్యాపారం పెట్టాడు. 1824లో పరంగిపేటలో కలరాతో పోయాడు. ఇప్పుడున్న డేర్ హౌస్ 1940 నాటిది. రెండు వందల ఏళ్లు దాటినా తమిళంలో ఆ మూలను 'పారిమునై' అనే అంటాం. ఆ మాట చెప్పి గైడ్ అమ్మాయి ముందుకు కదిలింది. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. పారీ లాంటివాడు ఇక్కడ దిగిన మొదటి రోజు ఎవరితో మాట్లాడి ఉంటాడు? దుబాషీతో. రెండు భాషలు తెలిసినవాడు కాబట్టి దుబాషీ. మాట మార్చి చెప్పడం ఒక్కటే కాదు, దొరకు ఇల్లు చూడటం, నౌకర్లను పెట్టడం, సరుకు బేరం చెయ్యడం, చేతిలో డబ్బు లేకపోతే అప్పు ఇవ్వడం కూడా వాళ్ల పనే. కంపెనీ కుర్ర ఉద్యోగులు సొంత వ్యాపారం చేసింది చాలావరకు ఈ దుబాషీల పెట్టుబడితోనే. కొందరు దుబాషీలు గొప్పవాళ్లయ్యారు, కొందరు దొరల అప్పులతో మునిగిపోయారు. అందరూ పుణ్యాత్ములని నేను అనను. ఈ వీధుల ఆస్తి వాళ్ల భుజాల మీద లేచిందని మాత్రం అంటాను.

అప్పటి డబ్బు కూడా రూపాయి కాదు. 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. 1818లో రూపాయి ఆ స్థానంలోకి వచ్చింది. దానికి కొంచెం ముందు మద్రాసు టంకసాలలో కొట్టిన అర వరహా, పావు వరహా వెండి నాణేల మీద నాలుగు భాషలు ఉన్నాయి: ఇంగ్లీషు, పారసీ, తమిళం, తెలుగు. ఊరికే ముచ్చటకి వేయలేదు. బజారులో ఆ నాణెం చెల్లాలంటే ఆ నాలుగు భాషలవాళ్లూ చదవగలగాలి. మన అక్షరం డబ్బు మీద ఉందంటే మన మనిషి బజారులో ఉన్నాడని అర్థం.

రాజాజీ సాలైలో స్టేట్ బ్యాంకు ఎర్ర భవనం ముందు అందరం చాలాసేపు నిలబడ్డాం. 1843లో ఏర్పడిన బ్యాంక్ ఆఫ్ మద్రాస్ కోసం 1897లో పూర్తయిన కట్టడం అది. 1921లో బ్యాంక్ ఆఫ్ బెంగాల్, బ్యాంక్ ఆఫ్ బాంబేలతో కలిసి ఇంపీరియల్ బ్యాంక్, 1955లో స్టేట్ బ్యాంక్ అయింది. నమూనా హెన్రీ ఇర్విన్ దొరది అని గైడ్ చెప్పింది. నిజమే. కట్టించిన కాంట్రాక్టర్ తాటికొండ నంబెరుమాళ్ చెట్టి గారు మన తెలుగువారు. హైకోర్టు కట్టిన చెయ్యి కూడా ఆయనదే. కాగితం మీద గీత గీసినవారి పేరు అందరికీ తెలుసు, ఇటుక మీద ఇటుక పేర్చినవారి పేరు మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?

ఎదురుగా పోర్ట్ ట్రస్టు. 1912లో శ్రీనివాస రామానుజన్ నెలకు 30 రూపాయల జీతానికి అక్కడ గుమాస్తాగా చేరాడు. గుమాస్తాగా బతికిన నాకు ఈ మాట విన్నప్పుడల్లా ఒళ్లు గగుర్పొడుస్తుంది. లండన్ నుంచి జబ్బుతో తిరిగొచ్చి 1920లో చేట్‌పట్టులో ఆయన కన్నుమూసిన ఇల్లు నంబెరుమాళ్ చెట్టి గారిది. ఒకే వీధిలో పనిచేసిన గుమాస్తా కథా, కాంట్రాక్టర్ కథా చివరికి అలా ఒక ఇంట్లో కలిశాయి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి, 1906. అప్పట్లో ఆర్బత్‌నాట్ కంపెనీ అంటే బంగారం అన్నంత నమ్మకం. జమీందార్ల నుంచి పింఛను గుమాస్తాల దాకా అక్కడే డబ్బు దాచుకున్నారు. ఆ సొమ్మును ఎక్కడెక్కడో పెట్టుబడుల్లో పోశారని దాచుకున్నవారికి తెలియదు. అక్టోబరులో లండన్‌లోని భాగస్వామి మెక్‌ఫాడియన్ రైలు కింద పడి ప్రాణం తీసుకున్నాడు. అక్టోబరు 22న ఇక్కడ ఆర్బత్‌నాట్ తలుపులు మూశారు. వేల కుటుంబాలు వీధిన పడ్డాయి. సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. దొర జైలుకు పోవడం ఆ రోజుల్లో పెద్ద వార్తే. కానీ శిక్ష వల్ల ఎవరి డబ్బూ తిరిగి రాదు కదా.

ఆ దెబ్బలోంచే ఇండియన్ బ్యాంక్ పుట్టింది. మన డబ్బు మన చేతుల్లోనే ఉండాలని వకీలు వి. కృష్ణస్వామి అయ్యర్ గారూ ఇంకొందరూ కలిసి వాటాలు పోగుచేశారు. 1907 ఆగస్టు 15న, స్వాతంత్ర్యానికి సరిగ్గా నలభై ఏళ్ల ముందు, పారీ భవనంలోనే పని మొదలుపెట్టారు. తరువాత 1923లో బందరులో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టినప్పుడు కూడా మనసులో ఉన్నది ఇదే ఆలోచన. ఎక్కువ వడ్డీ అని ఎవరో చెప్పగానే పింఛను డబ్బు తీసుకెళ్లి పోసే మన సభ్యులు కొందరున్నారు. వాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవమని ప్రార్థన.

పెద్ద రోడ్డు వదిలి సందుల్లోకి వెళ్తే మన చరిత్ర ఇంకా దట్టం. తంబుచెట్టి వీధిలో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఆంధ్రపత్రిక, అమృతాంజనం ఉండేవి. పత్రిక బొంబాయి నుంచి 1914లో ఇక్కడికి వచ్చి దినపత్రిక అయింది. తలనొప్పి మందు లాభం తెలుగు అక్షరానికి పెట్టుబడి అయింది. ఎస్ప్లనేడ్‌లో వావిళ్ల వారి ముద్రణాలయం. కొత్వాల్ చావడి మార్కెట్టు కన్యకాపరమేశ్వరి దేవస్థానం వారి స్థలంలోది. 1996లో కూరగాయల వ్యాపారం కోయంబేడు పోయేదాకా మద్రాసు వంటింటికి మొత్తం సరుకు అక్కడి నుంచే. బ్రాడ్‌వేకి ఈనాటి పేరు ప్రకాశం సాలై. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఈ పారీస్ ప్రాంతంలోనే పోలీసు కాల్పులు జరిగితే, తుపాకి ఎదుట గుండె చూపిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు అది. ఇంకొక పేరు కూడా చెప్పాలి. గాజుల లక్ష్మీనరసు చెట్టి గారు నీలిమందు, బట్టల వ్యాపారంలో సంపాదించి, 1844లో క్రెసెంట్ పత్రిక, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టారు. పన్ను వసూలుకి రైతులను హింసిస్తున్నారని పోరాడి విచారణ వేయించారు. ఆస్తంతా ఖర్చయి 1868లో పేదగా పోయారు.

ఇవన్నీ రాసింది 'ఊరు మాది' అనడానికి కాదు. ఆ తగాదా 1953తో అయిపోయింది, మళ్లీ మనకు వద్దు. ఈ వీధుల్లో తమిళులు, గుజరాతీలు, ఆర్మీనియన్లు, మార్వాడీలు, మరక్కాయర్లు అందరూ ఉన్నారు. నాకు అన్నం పెట్టింది తమిళనాడు, అక్షరం పెట్టింది తమిళ పంతుళ్లు. నా బాధ వేరు. ఆ రెండు గంటల్లో కంపెనీల పేర్లు పాతిక విన్నాను, మనవాళ్ల పేర్లు రెండో మూడో. ఆ అమ్మాయి తప్పు కాదు. ఆమె చదువుకున్న పుస్తకాల్లో లేదు. పుస్తకాల్లో ఎందుకు లేదంటే, పారీకి కంపెనీ రికార్డు గది ఉంది, మనవాళ్లకు ట్రంకు పెట్టె ఉంది. మా తాత కొత్వాల్ చావడిలో ఉల్లిపాయల మండీలో తెలుగులో పద్దులు రాసేవాడు. ఆ పుస్తకాలు మా పెద్దనాన్న గారి ఇల్లు అమ్మినప్పుడు పాత పేపర్ల బండికి కిలోల లెక్కన పోయాయి. అలా ఎన్ని ఇళ్లలో పోయాయో!

అందుకని రెండు మనవులు. ఒకటి, మీ ఇంట్లో భాగపత్రాలు, పద్దు పుస్తకాలు, పాత శుభలేఖలు, దుకాణం బిల్లులు ఏమున్నా పారేయకండి. చదవలేకపోయినా ఫరవాలేదు. ఫోటో తీసి సంఘానికి ఇవ్వండి, పాత లిపి చదవగల పెద్దలు మనలో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లుండగానే చదివించుకోవాలి. రెండు, కమిటీ వారు ఒప్పుకుంటే పండగలైన తరువాత ఒక ఆదివారం మనమే ఒక నడక పెడదాం. పొద్దున 6:30కి బీచ్ స్టేషన్ బయట కలుద్దాం. మంచినీళ్లు, టోపీ తెచ్చుకోండి. మనవళ్లనూ మనవరాళ్లనూ తప్పకుండా తీసుకురండి. వీధి బోర్డులు వాళ్ల చేత చదివిద్దాం, అర్థం మనం చెబుదాం.