పరమాణువుకు ఎరుక ఉందా? కృష్ణమూర్తి - బోమ్ సంభాషణల నేపథ్యంలో ఒక పరిశీలన

జడమని మనం అనుకునే పదార్థంలో, దాని అట్టడుగు స్థాయిలోనే, ఎంతో కొంత ఎరుక ఉందంటుంది సర్వచేతనవాదం. మదనపల్లెలో 1895లో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి, భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్ 1980లో మనసు, మెదడు, పదార్థాల గురించి వరుసగా సంభాషించారు. అవి 1985లో ‘ది ఎండింగ్ ఆఫ్ టైమ్’ పుస్తకంగా వచ్చాయి. ఈ ఇద్దరి ఆలోచననూ సర్వచేతనవాదానికి సాక్ష్యంగా చూపడం కద్దు. జాగ్రత్తగా చూస్తే అది అంత దూరం రాదన్నదే ఈ వ్యాసం ప్రతిపాదన.

ముందు బోమ్ వాదాన్ని చూద్దాం. 1952లో ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతంలో ఎలక్ట్రాన్‌ను ఒక తరంగం నడిపిస్తుంది. ఆ ప్రభావం తరంగపు బలాన్ని బట్టి కాక దాని ఆకృతిని బట్టి ఉంటుంది. రాడార్ సంకేతం ఎంత బలహీనమైనదైనా, ఓడ తన సొంత ఇంజను శక్తితోనే ఆ సంకేతం చూపిన దారిలో మళ్ళుతుందని ఆయన పోల్చి చెప్పారు. ఈ ఆధారంతోనే 1990లో, కణాల స్థాయిలోనూ మనసును పోలిన గుణం ప్రాథమిక రూపంలో ఉందన్నారు. అయితే సమాచారానికి స్పందించడం వేరు, స్పందిస్తున్నానని ఎరగడం వేరు. ఓడ మళ్ళడానికి ఓడకు ఎరుక అక్కర్లేదు. కృష్ణమూర్తి దృష్టి ఈ తేడాను మరింత స్పష్టం చేస్తుంది. ఆలోచన జ్ఞాపకం నుంచి పుట్టే భౌతిక ప్రక్రియేనని, అది సాగుతున్నంత మాత్రాన దాని పట్ల ఎరుక ఉన్నట్టు కాదని ఆయన బోధ. మనిషి మెదడులోనే ఎరుక లేకుండా ఇంత పని జరుగుతున్నప్పుడు, కేవల స్పందనను చూసి ఎలక్ట్రాన్‌కు ఎరుకను అంటగట్టలేం.

అయితే మూలంలో లేని ఎరుక మెదడులోకి ఎక్కడి నుంచి వచ్చిందన్నది దీనిపై సర్వచేతనవాదుల బలమైన ఆక్షేపణ. భౌతిక శాస్త్రం పదార్థపు నిర్మాణాన్నే చెబుతుంది గాని దాని అంతర్గత స్వభావాన్ని చెప్పదని బెర్ట్రాండ్ రస్సెల్ 1927లో చూపిన మాట నిజం. కాని ఖాళీ ఉందని తేలితే, దాన్ని నింపేది ఎరుకేనని తేలినట్టు కాదు. పోనీ నింపామనుకున్నా, కోటానుకోట్ల చిన్న ఎరుకలు కలిసి ఒక్క ‘నేను’ ఎలా అవుతాయి? 1890లో విలియం జేమ్స్ లేవనెత్తిన ఈ చిక్కును మన నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, ఏనాడో పట్టుకున్నారు. దేహాన్ని ఏర్పరిచే భూతాలకే చైతన్యం ఉంటే ఒకే దేహంలో అనేకమంది జ్ఞాతలు ఉండాల్సి వస్తుందని వారి వాదం. అదే సంప్రదాయానికి చెందిన, తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో పృథివి మొదలైనవాటికి పరమాణువులను ఒప్పుకుంటూనే, జ్ఞానానికి ఆశ్రయం ఆత్మ ఒక్కటేనన్నాడు. ఇక నిద్రలో మనిషి చైతన్యం కనబడనట్టే రాయిలోనూ అది మరుగున ఉండవచ్చన్న వాదం శంకరుల బ్రహ్మసూత్ర భాష్యంలో చర్చకు వస్తుంది. కాని నిద్రపోయినవాడు లేస్తాడు, నిన్నటిది గుర్తు చేసుకుంటాడు. రాయి విషయంలో అలా ఊహించడానికి ఏ గుర్తూ లేదు.

అందువల్ల పదార్థం మనం అనుకున్నంత మొద్దు కాదని బోమ్ నుంచి ధైర్యంగా స్వీకరించవచ్చు. దానికి ఎరుక ఉందన్నది మాత్రం ఇంకా నిరూపణ కావలసిన ప్రతిజ్ఞే. స్పందన నుంచి ఎరుకకు, చిన్న ఎరుకల నుంచి ఒక్క అనుభవానికి దారి చూపే బాధ్యత దాన్ని ప్రతిపాదించేవారిదే.