వెట్టి నుంచి విత్తనం దాకా: యజమాని ఎక్కడ దాక్కున్నాడు?

వెట్టి అనగానే మన చరిత్ర పుస్తకాలు గడీని, దొరను చూపిస్తాయి. 1946-51 సాయుధ పోరాటంతో ఆ కథ ముగిసిందన్నట్టు పేజీ తిప్పేస్తాయి. దొరకు పేరుంటది. మోట బొక్కెనకు తోలు కుట్టిచ్చిన మాదిగకు, చీటీ పట్టుకొని ఊరూరూ ఉరికిన మాలకు పేరుండదు. వెట్టి అంటే కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం ఒక్కటే కాదు. ఏ కులం ఏ సరుకు, ఏ సేవ ఊరికే అందించాలో ముందే ఖరారు చేసిన సరఫరా ఏర్పాటు అది. ఈ వైపు నుంచి చూస్తేనే ఇవాళ కంపెనీలు 'సప్లయి చెయిన్' అంటున్న దానిలో దాగిన వెట్టి మనకు కనపడుతుంది.

వెట్టి పక్కనే భాగేలా ఉండేది. పెళ్లికో చావుకో తెచ్చిన అప్పు కింద మనిషే తాకట్టు. తండ్రి అప్పు కొడుకు మీద పడేది. 1936లో నిజాం సర్కారు భాగేలా ఒప్పందాలను అదుపు చేయడానికి రెగ్యులేషన్ తెచ్చింది. జీతగాడు మాత్రం పశువుల కొట్టంలోనే ఉండిపోయాడు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించాక కూడా, దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం రావడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ చట్టం నిర్వచనంలో భాగేలా, జీతా, పాలేరు, వెట్టి అనే పేర్లున్నాయి. ఇవన్నీ మన వాడలు మోసిన మాటలే. జిల్లా విజిలెన్స్ కమిటీలో ఎస్సీ, ఎస్టీలు ముగ్గురుండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. అప్పుకీ కులానికీ ఉన్న ముడి చట్టం రాసినోళ్లకు తెలుసన్నమాట!

ఆ తర్వాత యజమాని రూపు మారింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల్లో కూలీల కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులోంచి జమేదారు రూపాయి కోసుకునేవాడు. పని చేయించుకుంటున్నది కాంట్రాక్టర్లే, మాకేం సంబంధమని ప్రభుత్వ సంస్థలు తప్పుకోబోయాయి. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ వేసిన ఆ కేసులో జస్టిస్ భగవతి ధర్మాసనం రెండు మాటలు తేల్చింది. ఒకటి, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరీయే. ఆకలి కూడా బలవంతమే. రెండు, కాంట్రాక్టరును అడ్డం పెట్టుకొని అసలు యజమాని తప్పించుకోలేడు.

ఈ రెండో మాటను మన పత్తి విత్తనం చేలకు తెచ్చి చూద్దాం. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో హైబ్రిడ్ సీడు పత్తి పండించాలంటే ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి. ఈ క్రాసింగ్ పనికి 1990లలో ఎక్కువగా దించింది ఆడపిల్లల్ని. వాళ్లలో అత్యధికులు దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలే. దావులూరి వెంకటేశ్వర్లు పరిశోధనలు ఈ సంగతిని లోకం ముందు పెట్టాయి. కంపెనీ ఆర్గనైజరుకు, ఆర్గనైజరు రైతుకు, రైతు పిల్ల తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇస్తారు. భాగేలా అప్పుకు ఇది కొత్త పేరు. పిల్ల బడికి పోతానన్నా ఆ అడ్వాన్సు తీరందే వదలరు.

అడిగితే కంపెనీ ఏమంటది? ఒప్పందం ఆర్గనైజరుతోనే, రైతుతో కాదు అంటది. కానీ మూల విత్తనం కంపెనీదే, కొనే ధర పెట్టేదీ కంపెనీయే. నాణ్యత చూడటానికి దాని మనుషులు చేను చేనూ తిరుగుతారు. పువ్వు మీద పుప్పొడి సరిగా పడిందో లేదో కనిపెట్టే కన్నుకు, ఆ సాలులో నిలబడ్డ పదేళ్ల పిల్ల కనపడలేదంటే ఎట్లా నమ్మాలి? 2000 తర్వాత ఉద్యమాల ఒత్తిడి వచ్చాక కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టని రైతుకు బోనసు, పెట్టిన రైతుకు కోత పెట్టాయి. తలచుకుంటే చివరి సాలు దాకా చూడగలమని అవే రుజువు చేసుకున్నాయి.

ఇప్పుడు కాగితాల కాలం. బ్రిటన్ 2015 చట్టం 3 కోట్ల 60 లక్షల పౌండ్ల టర్నోవరు దాటిన కంపెనీలు బానిసత్వ నివారణకు ఏం చేశాయో ఏటా ప్రకటించాలంది. ఏమీ చేయలేదని రాసినా చట్ట ప్రకారం సరిపోతుంది! మన సెబీ కూడా 2022-23 నుంచి పెద్ద లిస్టెడ్ కంపెనీల సుస్థిరత నివేదికల్లో బలవంతపు శ్రమ గురించి అడుగుతోంది. అడగటం మంచిదే. ఆర్గనైజరు దగ్గర ఆగిపోయే నివేదిక మాత్రం వాడ దాకా రాదు.

కాబట్టి మన ప్రశ్నలు మనమే తయారు చేసుకోవాలి. కంపెనీ ఇచ్చే ధరలో పెద్దోళ్లకు కనీస కూలి గిట్టుతుందా? అడ్వాన్సు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది? మన జిల్లా విజిలెన్స్ కమిటీలో ఆ ముగ్గురు ఎవరు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు? 1982 తీర్పు అసలు యజమానిని వేలెత్తి చూపింది. ఆ వేలును సాలు నుంచి కంపెనీ ఆఫీసు దాకా తీసుకుపోవడం దళిత ఉద్యమం చేయాల్సిన పని.