దారికి తాళం ఎవరు వెయ్యాలి?

ఆన్‌సైట్ పనిమీద మాంచెస్టరుకో లివర్‌పూలుకో వెళ్ళొచ్చినవాళ్ళు గమనించే ఉంటారు. ఒకదానికొకటి అంటుకుని ఎర్ర ఇటుకల ఇళ్ళు, వాటి వెనక సన్నటి సందు, సందు మొదట్లో నిలువెత్తు ఇనప గేటు. ఏదో అసోసియేషన్ వాళ్ళు పెట్టించుకున్నారులే అనుకుంటాం. కానీ అలాంటి సందుల్లో చాలావాటికి గేటు పెట్టాలంటే చట్టమే కావాల్సొచ్చింది. ఎందుకంటే అది అందరిదీ అయిన దారి.

ఇంగ్లీషువాళ్ళ న్యాయశాస్త్రంలో ఒక పాత సూత్రం ఉంది: ఒకసారి దారి అయితే ఎప్పటికీ దారే. ఎవరూ నడవనంత మాత్రాన హక్కు పోదు. మరి మూసెయ్యాలంటే? 1815 చట్టం ప్రకారం ఇద్దరు మేజిస్ట్రేట్లు "ఈ బాట అనవసరం" అని తేలిస్తే చాలు. ఆ మేజిస్ట్రేట్లు చాలావరకు భూస్వాములే! దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. జనానికి ఒళ్ళు మండి 1824లో యార్క్‌లో, 1826లో మాంచెస్టర్లో కాలిబాటల రక్షణకు సంఘాలు పెట్టుకున్నారు. చివరికి 1949 చట్టం వచ్చాక ఈ దారులన్నీ మ్యాపుల్లోకి ఎక్కడం మొదలైంది.

ఇక ఆ వెనక సందుల కథ వేరు. 1875 ప్రజారోగ్య చట్టం నాటి వరస ఇళ్ళకి మరుగుదొడ్లు పెరట్లో ఉండేవి. మలం ఎత్తుకెళ్ళే బండ్లకీ, బొగ్గు తెచ్చేవాళ్ళకీ వెనక దారి కావాలి కదా. మన "దొడ్డిదారి" అన్నమాటకి అచ్చమైన ఉదాహరణ. తర్వాత్తర్వాత భూగర్భ డ్రైనేజీ వచ్చింది, బొగ్గు పోయింది, సందు మాత్రం మిగిలింది. అది దొంగలకి బాగా పనికొచ్చింది. చెత్త పారబోసేవాళ్ళు, తాగి గోల చేసేవాళ్ళు సరేసరి.

దీనికి మూడు చట్టాలొచ్చాయి. మన భాషలో చెప్పాలంటే మొదటిది డిలీట్, రెండోది డిజేబుల్, మూడోది ఎక్స్‌పైరీ డేట్.

2000 చట్టంతో, మంత్రి ప్రకటించిన ప్రాంతాల్లో నేరాలకి ఆస్కారమిచ్చే దారి హక్కునే రద్దు చెయ్యొచ్చు. 2005 చట్టం కాస్త మెత్తబడింది. గేటు పెట్టొచ్చు, కానీ అది కాగితం మీద ప్రజల దారిగానే ఉంటుంది. దాన్ని ఆనుకుని ఉన్న ఇళ్ళవాళ్ళని ఆపకూడదు. అటూఇటూ పోయే దారైతే మరో అనువైన దారి ఉందో లేదో చూడాలి. 2014 చట్టం దాని స్థానంలోకి వచ్చి గడువు పెట్టింది. ఒక ఉత్తర్వు గరిష్ఠంగా మూడేళ్ళు, తర్వాత అవసరమైతేనే పొడిగింపు.

బాగానే ఉందనిపిస్తుంది కానీ ఇక్కడో మెలిక ఉంది. 2014 తర్వాత నేరమో, అసాంఘిక ప్రవర్తనో జరిగిందని చూపించక్కర్లేదు. స్థానికుల జీవితానికి ఇబ్బంది కలిగించే పనులు అదేపనిగా సాగుతున్నాయంటే చాలు. గడువు వచ్చింది, గడప మాత్రం తగ్గింది.

గేట్లు పనిచెయ్యవని నేననను. లివర్‌పూల్ సందుల మీద 2004లో వచ్చిన అధ్యయనంలో, గేట్లు లేని పోల్చదగ్గ ప్రాంతంతో చూస్తే ఇళ్ళల్లో దొంగతనాలు సుమారు 37 శాతం తగ్గాయని తేలింది. చిన్న సంగతి కాదు. అయితే ఆ లెక్క ఇళ్ళ వెనక సందులది. బడికో బస్టాపుకో పోయే కాలిబాటకి అదే లెక్క అతికించెయ్యడం నాకు నచ్చదు. జేన్ జాకబ్స్ 1961లోనే చెప్పింది, వీధికి కాపలా అక్కడ తిరిగే జనం కళ్ళే అని. నడిచేవాళ్ళని ఆపేస్తే దొంగతో పాటు ఆ కళ్ళూ పోతాయి.

ఇంకో సంగతి. గేటు కావాలని అడిగేది పక్కింటివాళ్ళు, తాళంచెవి దొరికేదీ వాళ్ళకే. చుట్టూ తిరిగి పోవాల్సింది మాత్రం కర్ర పట్టుకుని నడిచే ముసలాయన, బండిలో పిల్లని తోసుకెళ్ళే తల్లి. వాళ్ళు ఏ మీటింగుకీ రారు. అందుకే నా మటుకు నాకు ఆ మూడేళ్ళ గడువే ఈ మొత్తం కథలో మంచి ముక్క, దాన్ని మొక్కుబడిగా పొడిగించనంత వరకూ. ముందు లైటు పెట్టండి, పొదలు కొట్టించండి. అప్పటికీ కాకపోతే గేటు. మూడేళ్ళకోసారి "ఇంకా ఎందుకు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది గేటు అడిగినవాళ్ళే, నడిచేవాళ్ళు కాదు. ఏమంటారు?