పరీక్షకు ఎంత, పాఠానికి ఎంత?
(మద్రాసు రాష్ట్రపు పబ్లిక్ పరీక్షల చరిత్ర నేర్పిన పాఠం)

పదవ తరగతి ఆరంభమైన కొన్ని వారాలకే తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయిని గదికి వచ్చి అడిగే ప్రశ్న ఒకటున్నది. "అమ్మా, మా పిల్లవాడు రోజుకు ఎన్ని గంటలు చదవాలి? ట్యూషను చాలునా, ఇప్పటినుంచే కోచింగులో చేర్చాలా?" ఈ ప్రశ్న వెనుక బిడ్డ భవిష్యత్తును గూర్చిన ఆశ ఉన్నది, అంతకు మించిన భయమూ ఉన్నది. ఇన్ని గంటలని ఒక అంకె చెప్పి పంపివేయుట సులభమే. కాని ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. పబ్లిక్ పరీక్ష మన గడ్డపై అడుగుపెట్టిన నాటినుండి పెద్దలు దీనికి సమాధానం వెదకుచునే ఉన్నారు. మన పాఠశాల డెబ్బదియైదు వసంతాలు నిండించుకొన్న ఈ శుభసమయాన ఆ చరిత్రను ఒక్కసారి నెమరువేసికొనుట ఉచితమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1854లో వెలువడిన ఉడ్ విద్యా నివేదికను అనుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో విశ్వవిద్యాలయాలు ఏర్పడినవి. నాటి మద్రాసు విశ్వవిద్యాలయం పాఠం చెప్పే సంస్థ కాదు. లండను విశ్వవిద్యాలయం నమూనాలో పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థ. అంటే మన ప్రాంతంలో ఆధునిక ఉన్నతవిద్య పరీక్షారూపంలోనే మొదలైనదన్నమాట. కళాశాలలో ప్రవేశానికి మెట్రిక్యులేషన్ ద్వారమైనది. ప్రభుత్వోద్యోగానికి సైతం అదే అర్హతగా పరిగణింపబడుటతో, ఉన్నత పాఠశాలలో ఏమి బోధించవలెనో ఆ ఒక్క పరీక్షయే నిర్ణయించసాగినది.

ఈ దోషాన్ని పెద్దలు త్వరలోనే గుర్తించినారు. 1882లో నియమితమైన హంటర్ సంఘం ఉన్నత పాఠశాల చదువును రెండు శాఖలుగా విభజించవలెనని సూచించినది. ఒకటి విశ్వవిద్యాలయ ప్రవేశానికి, రెండవది వృత్తి వ్యాపారాలకు ఉపయోగపడే చదువుకు. సూచన మంచిదే. కాని తల్లిదండ్రులు మొదటి శాఖవైపే మొగ్గినారు. ద్వారం ఇరుకైనకొద్దీ దానియెదుట గుంపు పెరుగుట సహజమే గదా!

పిమ్మట 1910 ప్రాంతంలో మద్రాసు రాజధానిలో మెట్రిక్యులేషన్ స్థానంలో ఎస్.ఎస్.ఎల్.సి. విధానం ప్రవేశించినది. ఆ పత్రంలో పబ్లిక్ పరీక్ష మార్కులతోపాటు విద్యార్థి బడిలో సాధించిన మార్కులూ నమోదయ్యేవి. ఒక్క పరీక్షతో బాలుని తూచరాదనే ఆలోచన నూరేండ్లకు పూర్వమే మన రాజధానిలో అమలుకు వచ్చినదన్న మాట గమనింపదగినది.

ఆ కాలముననే పరీక్షకున్న బలమెంతటిదో తెలుగువారికి స్వానుభవంలోనికి వచ్చినది. గిడుగు రామమూర్తి పంతులు, పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్, ఆచార్య పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ అప్పారావు బడిలో వాడుకభాషకు చోటివ్వవలెనని ఉద్యమించినారు. వారి కృషి ఫలితంగా 1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునన్న వెసులుబాటు లభించినది. జయంతి రామయ్య పంతులు మొదలైన పండితులు దానిని గట్టిగా ప్రతిఘటించినారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రాన్ని సమర్పించినాడు. అయినను ఆ వెసులుబాటు ఎక్కువకాలం నిలువలేదు. ఇరుపక్షాలవారూ ఉద్దండ పండితులే. వారు అంతగా వాదులాడినది ఒక పరీక్షాపత్రంలోని వ్యాసాన్ని గూర్చి. పరీక్షలో ఏ భాష ఉంటే బడిలో ఆ భాషే నిలుచునని ఉభయులకూ తెలియును. ఈ సత్యం నేటికీ మారలేదు.

ఇదే కాలానికి చెందిన మరొక ఉదాహరణము శ్రీనివాస రామానుజన్. 1903లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడైన ఆ మేధావి, గణితంలోనే మునిగి తక్కిన విషయాలను విడిచిపెట్టుటవలన ఎఫ్.ఏ. పరీక్ష దాటలేకపోయినాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. ఈ కథను విని పరీక్షలు అక్కరలేదని పిల్లలు భావించరాదు. ఆ పరీక్ష తప్పుటవలన రామానుజన్ కొన్నేండ్లు పేదరికంతో, ఉపకారవేతనం లేక బాధపడినాడు. పరీక్ష ఆయన ప్రతిభను కొలువలేకపోయినది. కాని ఆయన త్రోవను అడ్డగించగలిగినది. రెండు మాటలూ కలిపి గ్రహించినప్పుడే కథ పూర్తియగును.

స్వాతంత్ర్యానంతరం 1952-53లో డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యా సంఘం బాహ్య పరీక్షల సంఖ్య తగ్గించవలెనని, విద్యార్థి పాఠశాల రికార్డుకు విలువ ఇవ్వవలెనని సిఫారసు చేసినది. మన పాఠశాల తొలి విద్యార్థులు పదకొండేండ్ల ఎస్.ఎస్.ఎల్.సి. చదివినవారు. 1978లో తమిళనాడులో పన్నెండేండ్ల పద్ధతి వచ్చినది. 1984లో వృత్తివిద్యా కళాశాలలకు ప్రవేశ పరీక్ష మొదలైనది. గ్రామీణ విద్యార్థులు నష్టపోవుచున్నారన్న కారణంతో 2006లో చేసిన చట్టం మరుసటి ఏడు రాష్ట్రపతి ఆమోదం పొందగా ఆ పరీక్ష రద్దయినది. పదేండ్లకు, 2017లో, వైద్యవిద్యకు జాతీయ స్థాయి నీట్ పరీక్ష మన రాష్ట్రంలో అమలులోనికి వచ్చినది. శిక్షణకు డబ్బు వెచ్చించగలవారికే అది అనుకూలమని 2021లో న్యాయమూర్తి ఎ.కె. రాజన్ సమితి అభిప్రాయపడినది. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు వైద్యవిద్యలో 7.5 శాతం ప్రత్యేక కేటాయింపు అంతకుముందే 2020లో ఏర్పడినది. 2017లోనే రాష్ట్ర ప్రభుత్వం పబ్లిక్ పరీక్షలలో ర్యాంకుల ప్రకటనను మానివేసినది. పదకొండవ తరగతికి 2018లో తొలిసారి జరిపిన పబ్లిక్ పరీక్షను 2025లో ప్రకటించిన రాష్ట్ర విద్యావిధానం తొలగించినది.

కరోనా మహమ్మారి వచ్చిన 2020లో పదవ తరగతి పరీక్షయే జరుగలేదు. త్రైమాసిక, అర్ధవార్షిక పరీక్షల మార్కులకు 80 శాతం, హాజరుకు 20 శాతం విలువనిచ్చి ఫలితాలు ప్రకటించినారు. సంవత్సరం పొడవునా క్రమంగా చదివినవారు ఆ ఏడు నిశ్చింతగా ఉండిరి. చివరి రెండు నెలలలో చూచికొందమని ఎదురుచూచినవారికి ఆ రెండు నెలలు రానేలేదు.

ఈ చరిత్రనుండి గ్రహింపవలసినది ఏమి? పరీక్షలు మారుచుండును. ఒక ప్రభుత్వం పెట్టినదానిని మరొకటి తీసివేయును. ఒక పరీక్ష ఆకారానికి మాత్రమే సరిపోవునట్లు అయిదారేండ్లు బిడ్డను మలచిన తల్లిదండ్రులు, ఆ పరీక్ష మారిననాడు చేతులు చాచి నిలువవలసివచ్చును. అట్లని సన్నాహమే వద్దనుట బాధ్యతారాహిత్యం. 2025 నీట్ పరీక్షలో 180 నిమిషాలలో 180 ప్రశ్నలు. సరియైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పునకు ఒకటి కోత. ఇట్టి పరీక్షకు దాని పద్ధతి తెలియక కూర్చున్న బిడ్డ, పాఠం వచ్చియుండియు నష్టపోవును.

కావున సన్నాహాన్ని రెండుగా విడదీయవలెను. పాఠాన్ని అర్థం చేసికొనుట మొదటిది. దానికి ఏడాది పొడవునా సమయమివ్వవలెను. పరీక్ష పద్ధతిని అలవరచుకొనుట రెండవది. పదవ తరగతివారికి దానికి చివరి మూడు నెలలు చాలును. వారానికి ఒకటి రెండు పాత ప్రశ్నపత్రాలు గడియారం ముందుంచుకొని వ్రాసి, తప్పులు దిద్దుకొనవలెను. పోటీ పరీక్షకు పోదలచినవారు మరికొంత ముందుగా మొదలిడవచ్చును. కాని ఆ కోరిక బిడ్డదై ఉండవలెను.

ఎంతసేపు చదివినారన్నదానికన్న ఎట్లు చదివినారన్నది ముఖ్యం. చదివినది ఎంత వేగంగా మరపునకు వచ్చునో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే ప్రయోగపూర్వకంగా చూపినాడు. విరామమిచ్చి మరల చదువుటయే దానికి మందు. 2006లో రోడిగర్, కార్పికే అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు జరిపిన ప్రయోగంలో, పాఠాన్ని మరల మరల చదివినవారికంటె, పుస్తకం మూసి జ్ఞాపకం చేసికొని వ్రాసినవారికే వారం తరువాత ఎక్కువ గుర్తున్నది. మన పూర్వపు అయ్యవార్లు పాఠం అప్పగించమనుటలో ఈ మర్మమే ఉన్నది. ఇక నిద్ర. పదమూడు మొదలు పద్దెనిమిది ఏండ్లవారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని అమెరికా నిద్రావైద్య నిపుణుల సంఘం 2016లో తెలిపినది. నిద్ర మాని చదివిన చదువు మరునాటికి నిలువదు.

మన పిల్లల విషయంలో మరొక చిక్కు ఉన్నది. వారు తెలుగులో పాఠం చదువుదురు. రాష్ట్రభాష తమిళం నేర్వవలెను, నేర్చుట మంచిదే. ఆంగ్లమూ తప్పదు. 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి మొదలుకొని ఏటికొక తరగతి చొప్పున తప్పనిసరి చేయగా, ఆ క్రమం 2015-16లో పదవ తరగతిని చేరినది. భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలను ఆశ్రయించి మినహాయింపులు పొందవలసివచ్చినది. పరీక్షలో మార్కులు రాని విషయాన్ని ఇంటివారు మొదట వదలుదురు. పెక్కు ఇండ్లలో అట్లు వదలినది తెలుగే. గిడుగు, జయంతి పంతులుగార్లు ఏ భాషకోసం కలహించినారో ఆ భాషను, కాలం చాలలేదన్న నెపంతో మనము విడిచిపెట్టుచున్నాము.

అందుచేత నా గదికి వచ్చే తల్లిదండ్రులకు నేను చెప్పే మాట ఇది. బడి విడిచిన పిమ్మట రెండు లేక మూడు గంటలు ఏకాగ్రతతో చదివించండి. తొమ్మిదిన్నరకో, పదికో పడుకోబెట్టండి. సాయంకాలం ఆటకు పంపండి. మార్కులతో నిమిత్తం లేని ఒక అరగంట తెలుగు పుస్తకం చేతికివ్వండి. వినువారిలో కొందరు నమ్మక, వీధి చివర కోచింగు బోర్డువైపు చూచుచు వెళ్ళుదురు. వారిని నేను తప్పుపట్టను. వారి భయం నిజమైనది.

మరి పాతికేండ్లకు ఈ పాఠశాల శతాబ్ది సంచిక వెలువడును. నాటికి పరీక్షల పేర్లు ఎన్ని మారియుండునో తెలియదు. ఆ సంచికలో నేడు మన తరగతులలో కూర్చున్న ఏ బాలికయో ఒక వ్యాసం వ్రాయవలెనని, దానిని తెలుగులో వ్రాయగలిగియుండవలెనని ఆశించుచు, ఈ బడికి జీవితాలు ధారపోసిన పూర్వోపాధ్యాయులకు నమస్కరించి విరమించుచున్నాను.