సొనలో మెట్టచేను

తాడిమర్రి చుట్టుపక్కల పల్లెల్లో సాయంత్రం ఒకే గంప కింద కమ్మే పెట్టలు పగలంతా తిరిగేది ఒకే వీధిలో. అయినా వాటి గుడ్లు పగలగొడితే ఒకదాని పచ్చసొన ముదురు నారింజ రంగులో, పక్కదానిది వెలిసిన పసుపులో ఉండొచ్చు. కొనేవాళ్లకు వెంటనే అనుమానం: నాటుగుడ్లలో ఫారం గుడ్లు కలిపారేమో! పాపం, చాలాసార్లు అమ్మేవాళ్ల తప్పేమీ ఉండదు.

ఆ రంగును కోడి తన ఒంట్లో తయారు చేసుకోలేదు. ఆకుల్లో, పసుపు గింజల్లో ఉండే ల్యూటిన్, జియాక్సాంథిన్ మేతతో లోపలికి పోయి, కొవ్వుతో కలిసి సొనకు చేరతాయి. 1912లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త విల్‌స్టాటర్, ఎషర్‌తో కలిసి 6,000 గుడ్ల సొన నుంచి ఈ రంగును విడదీశాడు. 1919లో అమెరికాలో పామర్, కెంప్‌స్టర్ దీనికి తిరగేసిన పని చేశారు. రంగు పదార్థాలు లేని మేతతోనే కోడిపిల్లల్ని పెంచి పెద్దచేశారు. ఆ పెట్టలు రంగులేని సొనతో గుడ్లు పెట్టాయి, ఆ గుడ్ల నుంచి పిల్లలూ లేచాయి. ముదురు సొనలోనే బలముందనే నమ్మకానికి నూరేళ్ల కిందటే తగిలిన దెబ్బ అది. నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు.

తాడిమర్రిది చిత్రావతి పక్క మెట్టనేల. పాత అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. ఒకప్పుడు ఈ సీమ చేలల్లో కొర్ర, జొన్న, సజ్జ పండేవి. కొర్రగింజలో కాస్త పసుపు ఉంది, తెల్లజొన్నలో నామమాత్రం. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో శెనక్కాయ ఆ పంటల్ని చాలావరకు తోసేసింది. శెనక్కాయ చెక్క తిన్న కోడికి బలం వస్తుంది గానీ సొనకు రంగు రాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక, సంగటి తినే ఇళ్లలో వరన్నం రోజువారీ తిండిగా మారుతూ వచ్చింది. మిగిలిన మెతుకులు, నూకలు కోళ్ల పాలు. తెల్లబియ్యంలో ఈ పసుపు లేదు. ఇంటి మేత ఇలా తెల్లబడే కొద్దీ, సొనకు రంగు అందించే భారమంతా గట్టు మీది పచ్చిక మీద పడింది.

అందుకే ఇక్కడ వానతో పాటు సొన రంగూ మారుతుంది. గరిక, గురుగాకు మొలిచినప్పుడు ముదురుతుంది, ఎండలకు అవి మాడిపోయాక లేతబడుతుంది. అదీ మర్నాటికే కాదు. సొన ఎక్కువగా పెరిగేది గుడ్డు పెట్టడానికి ముందటి పది రోజుల్లో. కాబట్టి ఇవాళ తిన్న ఆకు రంగు పూర్తిగా తేలడానికి వారం, పది రోజులు పడుతుంది. ఇక ఒకే గంపలోని తేడా సంగతి. గడుసు పెట్ట బోరు కాలువ దాకా పోయి పచ్చిక గిల్లుకుంటుంది. పిరికిది వాకిట్లో నూకలతో సరిపెట్టుకుంటుంది. కడుపులో పురుగులున్న కోడి ఎంత ఆకు తిన్నా ఆ రంగు ఒంటికి సరిగా పట్టదు.

కోడి కాళ్లలోని పసుపు కూడా ఈ రంగే. 2008లో ఉప్ప్సలా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం పసుపు చర్మపు జన్యువు మూలాన్ని వెతికితే, అది మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి దగ్గర తేలింది. పసుపు కాళ్ల పెట్ట గుడ్లకు దిగాక ఆ కాళ్లు క్రమంగా పాలిపోతాయి. తిన్న రంగు అప్పుడు సొనకే పోతుంది.

ముదురు సొనకున్న గిరాకీ మేత మిల్లులకూ తెలుసు. పసుపు మొక్కజొన్న చాలకపోతే బంతిపూల సారం కలుపుతారు. ఆ పూలను హిందూపురం అవతల కర్ణాటకలో రైతులు ఫ్యాక్టరీల కోసమే పండిస్తున్నారు. పెంకు రంగు చూసి కొందామన్నా లాభం లేదు. అది జాతిని బట్టి వస్తుంది. పెరటి పెంపకానికని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ కూడా గోధుమరంగు గుడ్లే పెడుతుంది.