తోక తెగిన క్రోమోజోమ్

చెన్నై పేటెంట్ ఆఫీసు కాదన్న ఒక లుకేమియా మందు కథ అమెరికాలో, కుళాయి కింద మొదలైంది.

1950ల చివర్లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ రోగుల తెల్ల రక్తకణాలను గాజు పలకల మీద పెంచి, మామూలు కుళాయి నీళ్లతో కడిగేశారు. ఉప్పు తక్కువున్న ఆ నీళ్లు పీల్చుకుని కణాలు ఉబ్బాయి, చిక్కుపడి ఉండాల్సిన క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. (ఇదే కిటుకు టెక్సస్‌లో 1952లోనే బయటపడింది, అదీ పొరపాటునే!) నోవెల్‌కు క్రోమోజోముల గురించి పెద్దగా తెలియదు. అందుకని డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే విద్యార్థిని తోడు తెచ్చుకున్నారు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా రోగుల కణాల్లో మరీ పొట్టి క్రోమోజోమ్ ఒకటుందని 1960లో ఇద్దరూ ప్రకటించారు. దానికి ఊరిపేరే స్థిరపడింది: ఫిలడెల్ఫియా క్రోమోజోమ్.

తెగిన ముక్క ఏమైంది? పోయిందనే చాలాకాలం అనుకున్నారు. షికాగోలో జానెట్ రౌలీ ఫొటోల్లోంచి క్రోమోజోములను కత్తెరతో కత్తిరించి, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పరిచి జతలు కలిపేవారు. అప్పుడే వచ్చిన కొత్త రంగులతో ఒక్కోదాని మీద చారలు కనిపించేవి. అలా చూస్తే ఆ పొట్టి క్రోమోజోమ్, అంటే 22వది, ఎంత తగ్గిందో 9వది అంత పొడుగ్గా ఉంది. ముక్క ఇల్లు మారిందన్నమాట. 1973లో ‘నేచర్’ పత్రిక ఆ మాట అచ్చేసింది. నన్నడిగితే ఈ కథలో అసలు మలుపు ఇదే. మార్పిడి అని తెలిశాకే, అతుకు దగ్గర ఏముందో వెతకాలనిపించింది.

1980ల్లో దొరికింది. 9 మీది ఏబీఎల్ జన్యువు 22 మీది బీసీఆర్‌తో అతుక్కుని, కణాన్ని ఆగకుండా పెరగమనే ప్రొటీన్‌ను తయారుచేస్తోంది. దాన్ని అడ్డుకునే మాత్ర ఇమాటినిబ్‌కు 2001 మేలో అమెరికా అనుమతి వచ్చింది.

ఆ మందు స్ఫటిక రూపానికి పేటెంట్ కోరుతూ దాని తయారీ కంపెనీ నోవార్టిస్ 1998లోనే చెన్నైలో దరఖాస్తు పెట్టింది. అప్పట్లో ఆ కంపెనీ మందుకు నెలకు దాదాపు 1,20,000 రూపాయలు అయ్యేది. హైదరాబాద్ నాట్కో వంటి దేశీ కంపెనీల మాత్రలైతే ఎనిమిది నుంచి పదివేలు అయ్యేది. నాట్కో, క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ తదితరులు అభ్యంతరం చెప్పారు. 2006 జనవరిలో పేటెంట్ ఆఫీసు దరఖాస్తును తోసిపుచ్చింది. అందుకు ఒక కారణం ఉంది. తెలిసిన పదార్థానికి కొత్త రూపమిస్తే చాలదు, మందు గుణం పెరిగిందని చూపాలంటుంది పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(డి). ఆ సెక్షనే చెల్లదన్న నోవార్టిస్ వాదనను 2007లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా కంపెనీకి పేటెంట్ ఇవ్వనంది.