హక్కు కాని తుపాకీ

వడిసెల, కారంపొడి, రోకలి. తెలంగాణ సాయుధ పోరాటంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలు దొరల మీద, రజాకార్ల మీద మొదట ఎత్తిన ఆయుధాలివి. మందు కూరి పేల్చే బర్మార్లు తర్వాత వచ్చాయి. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాక, వాటిని దించాలా వద్దా అన్న వాదం ఆ పోరాటం నడిపిన సంఘంలోనే రేగింది. పోరాట విరమణకు 1951 అక్టోబర్ దాకా పట్టింది.

ఇక్కడ సైన్యం ఊళ్లు జల్లెడ పడుతున్న ఆ చలికాలంలోనే ఢిల్లీలో తుపాకీ మీద ఇంకో చర్చ నడిచింది. ఆయుధం ఉంచుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్‌.వి.కామత్ సవరణ తెచ్చారు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో ఉన్న హక్కే అది. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. హక్కుగా రాసిస్తే నేరాలే వృత్తిగా బతికేవాళ్లూ పౌరులమంటూ అదే హక్కు అడుగుతారు కదా అన్నది ఆయన వాదన. సవరణ వీగిపోయింది.

ఆయన ఊహించిన చిక్కు ఇవాళ అమెరికా కోర్టుల్లో కనిపిస్తోంది. అక్కడి రాజ్యాంగంలో 1791 నుంచీ తుపాకీ హక్కు ఉంది. ఏడాదికి మించి జైలు పడగల నేరం రుజువైనవారు తుపాకీ ఉంచుకోరాదని ఫెడరల్ చట్టం అంటుంది. ఆహార కూపన్ల కోసం 1995లో అబద్ధం చెప్పి శిక్ష పడిన పెన్సిల్వేనియా వాసి ఒకరు ఈ నిషేధాన్ని సవాలు చేసి, 2024 డిసెంబర్‌లో అప్పీలు కోర్టులో గెలిచారు.

మన దగ్గర అలాంటి దావాకు పునాదే లేదు. 1959 ఆయుధాల చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం హింసతో గానీ నైతిక పతనంతో గానీ కూడిన నేరానికి జైలుశిక్ష పడినవారు, శిక్ష ముగిశాక ఐదేళ్ల వరకు తుపాకీ పట్టరాదు. ఆ గడువు తీరినా చేతికందేది హక్కు కాదు, లైసెన్సుకు దరఖాస్తు మాత్రమే. ఓటు సంగతి వేరు. సాధారణంగా జైల్లో ఉన్నన్నాళ్లే దానికి అడ్డు. శిక్ష ముగించుకొని బయటికొస్తే మళ్లీ వేయవచ్చు.

తుపాకీకీ ఓటుకూ ఉన్న ఈ తేడా ఏమిటో తెలంగాణ నేలకు తెలుసు. కరివిరాలకు చెందిన దళనేత భీమిరెడ్డి నరసింహారెడ్డి తుపాకీ దించిన తర్వాత, 1971, 1984, 1991లలో మిర్యాలగూడ ఓటర్లు ఆయన్ని లోక్‌సభకు పంపారు.